మండపంలో క్వార్టర్ పౌండ్: ఒక బేస్ పికప్, నాలుగు పాత కార్డులు

క్వార్టర్ పౌండ్ అనే బేస్ గిటారు పికప్ (తీగల ఊపును విద్యుత్తుగా మార్చే భాగం) కొనవచ్చా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను. కొనవచ్చు. అయితే బిగించిన తర్వాత దాన్ని తీగలకు దూరంగా దించి వాడండి. తీగలకు ఆనించినంత దగ్గరగా లేపి, ఊరంతా వినబడాలనే కోరిక ఉంటే ఆ డబ్బు దాచుకోండి. నా గిటారు ధరలో దాదాపు సగం ఈ పికప్‌కే అయింది కాబట్టి ఈ మాట తేలిగ్గా అనడం లేదు.

సేమోర్ డంకన్ అనే అమెరికా కంపెనీ చేసే ఎస్‌పీబీ-3 నమూనాకే క్వార్టర్ పౌండ్ అని పేరు. ప్రెసిషన్ రకం బేస్ గిటార్లలో రెండు ముక్కలుగా, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి కనిపించే పికప్ ఉంటుంది కదా, ఆ చోట పడుతుంది. గిటారు కొయ్యను చెక్కనవసరం లేదు. పాతది తీసి కొత్తది పెట్టడమే.

నేను చిత్తూరులో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఆదివారం ఉదయం చర్చిలో, ముహూర్తాలున్న నెలల్లో ఆర్కెస్ట్రాతో తిరుపతి కల్యాణ మండపాల్లో బేస్ వాయిస్తాను. మా వైపు రిసెప్షన్ ముహూర్తానికి ముందు రోజు రాత్రే జరుగుతుంది. వేదిక వెనక ఎల్‌ఈడీ తెర, పైన వెలుగు తగ్గించే డిమ్మర్లతో నడిచే దీపాలు, చుట్టూ సీరియల్ బల్బులు, పక్క గదిలో సన్నాయి, డోలు వాళ్ళ సాధన. నాకంటూ బేస్ ఆంప్లిఫయర్ ఉండదు. సౌండ్ అబ్బాయి ఒక వైరు ఇస్తాడు, అది నేరుగా సౌండ్ మిక్సర్‌కు పోతుంది. విదేశాల్లో వాళ్ళు నిశ్శబ్దమైన గదిలో, మంచి ఆంప్ ముందు కూర్చుని పికప్‌లను మెచ్చుకుంటారు. వాళ్ళ మాట అబద్ధం కాదు, కానీ తిరుచానూరు రోడ్డులో రాత్రి తొమ్మిది గంటలకు వధూవరులు ఫొటోలు దిగుతుండగా వాయించేవారికి ఆ మాట సగమే పనికొస్తుంది.

నా ఇబ్బంది ఏమిటో మా కీబోర్డు కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పాడు: "అక్కా, బేస్ వినపడుతోంది. ఏ స్వరం వాయిస్తున్నారో మాత్రం తెలియడం లేదు."

వింటే చిన్న ఫిర్యాదులా ఉంటుంది గానీ బేస్ వాయించేవారికి ఇంతకు మించిన ఫిర్యాదు లేదు. మండపాల గోడలు నున్నగా, పైకప్పు ఎత్తుగా ఉంటాయి. అడుగు ధ్వని అంతా ఒక ముద్దగా తిరుగుతుంది. స్వరాన్ని గుర్తుపట్టించేది ఆ అడుగు కాదు, దాని పైనుండే గుణిజాలు. బేస్ గిటారులో లావుపాటి ఇ తీగ వదిలి మీటితే 41.2 హెర్ట్జులు. ఆ మూల కంపనాన్ని చెవి సరిగ్గా పట్టలేదు, దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతల దగ్గర మోగేవాటిని బట్టి అది ఇ అని తెలుసుకుంటుంది. అంటే మాకు కావలసింది ధ్వనిలో మధ్యభాగం (అడుగుకూ పైభాగానికీ నడుమ ఉండే కంపనాలు) బలంగా పలికే పికప్.

ఈ లెక్కన ప్రెసిషన్ రకం మేలు, జాజ్ రకం కాదు. ఇది నా అభిప్రాయం, దీనిమీద వాదనకు వచ్చేవారికి తీరిక ఎక్కువ. అమెరికా గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన మొదటి ప్రెసిషన్ బేస్‌లో పికప్ ఒకే ముక్క. 1957లో దాన్ని రెండుగా విడగొట్టారు. ఒక ముక్క ఇ, ఎ తీగల కింద, మరొకటి డి, జి తీగల కింద. ఒక్కో తీగకు రెండేసి అయస్కాంత కడ్డీలు, తీగ వాటి నడుమ ఊగుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో నిలువునా రెండు పికప్‌లు ఉంటాయి, రెంటికీ వేరే వాల్యూమ్ నాబ్‌లు. రెండూ పూర్తిగా తెరిస్తే వాటి మధ్య దూరం వల్ల మధ్యభాగంలో కొంత కరిగిపోతుంది. ఇంట్లో ఒంటరిగా వాయించుకుంటే అది ఎంతో అందం. కీబోర్డు, ప్యాడ్‌లు, గాయని, గాయకుడు, తబలా అందరూ ఒకేసారి మొదలుపెడితే బేస్ వాళ్ళ వెనక్కి జారిపోతుంది. మా బావగారి జాజ్ రకం గిటారు తీసుకువెళ్ళి అదే మండపంలో వాయించి చూశాను కాబట్టి ఊహించి చెబుతున్నది కాదు.

జాజ్‌తో మరో చిక్కు రొద. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దేశంలో బేస్ వాయించేవారికి ఇది ప్రత్యేకంగా తగిలే దెబ్బ.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని ఎనామిల్ రాగి తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ, అంతే. కానీ కాయిల్‌కు తన తీగ ఏదో, పొరుగింటి ట్రాన్స్‌ఫార్మర్ ఏదో తెలియదు. చుట్టుపక్కల కరెంటు తీగల క్షేత్రాన్ని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుని మిక్సర్‌కు పంపుతుంది. జాజ్ పికప్‌లు రెండూ సమానంగా తెరిచి ఉన్నంతసేపు ఒకదాని రొదను మరొకటి రద్దు చేస్తుంది, ఎందుకంటే రెంటి చుట్లూ, అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి వ్యతిరేకం. ఒకదాన్ని తగ్గించగానే ఆ రద్దు పోతుంది. బ్రిడ్జి (తీగలు ఆనుకునే కింది చివర) పక్క పికప్‌తో అమెరికా బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ రాబట్టిన ఆ ముక్కుతో పలికే నాదం కావాలని మీరు రెండోదాన్ని మూశారనుకోండి, డిమ్మర్ల బుర్రుమనే శబ్దం కూడా అతిథిగా వచ్చి కూర్చుంటుంది.

మన కరెంటు 50 హెర్ట్జులు. ఇ తీగ మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కితే పలికే జి స్వరం 49 హెర్ట్జులు. ఆ రెండూ కలిస్తే సెకనుకు ఒకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. వాటి రెండింతలు 100, 98. అక్కడ సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. స్పీకర్లు 49ని అంతగా పలకలేకపోయినా 98ని బాగా పలుకుతాయి కాబట్టి వినబడేది ఆ రెండో ఊగిసలాటే. ఇప్పుడు ఆలోచించండి, మన ఆడవాళ్ళలో చాలామంది హాయిగా పాడే శ్రుతి ఏది? అయిదు. అయిదో శ్రుతి అంటే జి. గాయని ఆలాపన అందుకుని, నేను కింద షడ్జమం పట్టుకుని నిలబడాల్సిన చోటే బేస్ వణుకుతుంది. శ్రుతి తప్పిందేమోనని గాయని నా వైపు చూస్తుంది. నా శ్రుతి సరిగ్గానే ఉంది, తప్పినది విద్యుత్తు శాఖ శ్రుతి! అమెరికాలో కరెంటు 60 హెర్ట్జులు, అక్కడ ఆ గొడవ బి స్వరం దగ్గరకు పోతుంది. అందుకే వాళ్ళు రాసిన సమీక్షలలో ఈ జి సంగతి ఎదురుపడదు.

ప్రెసిషన్ రకంలో రెండు ముక్కలూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి, వేరు చేసే నాబ్ లేదు, కాబట్టి రొద రద్దు కూడా ఎప్పుడూ ఉంటుంది. పైగా ఒక్కో ముక్క వేర్వేరు తీగలను వింటుంది కాబట్టి రొద పోయినా నాదం పోదు. 1957 నాటి ఈ ఆలోచనకు నేను క్లాసులో పిల్లల ముందు కూడా చేతులు జోడిస్తుంటాను.

ఇక కొనే ముందు జరిగిన సంగతి. నా గిటారు ప్రెసిషన్ ఆకారంలోని చవక రకం. కంపెనీ పేరు అనవసరం. పికప్ మార్చాలని గాంధీ రోడ్డు వెనక సందులో మిక్సర్లు, ఆంప్లిఫయర్లు, కీబోర్డులు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాను. పేరు రాయవద్దన్నారు, రద్దీ ఎక్కువైతే పనికి అడ్డమట. ఆయన గిటారు తిప్పి చూసి, "మేడం, కొత్తది తర్వాత కొందురు గానీ, ఇది ముందు ఊపిరి తీసుకోనివ్వండి" అని పికప్ మరలు విప్పారు. కింద ఉండాల్సిన స్పాంజి పొడి పొడిగా రాలింది. ప్రెసిషన్ పికప్‌ను మరలు పైనుంచి కిందికి లాగుతాయి, స్పాంజి కింది నుంచి పైకి తోస్తుంది. ఆ రెంటి మధ్య తగువులోనే ఎత్తు నిలుస్తుంది. స్పాంజి చనిపోతే మర ఎంత వదులు చేసినా పికప్ లేవదు, లోపలే గుడ్డిగా కూర్చుంటుంది. చవక గిటార్లు మన వేసవిలో నాలుగేళ్ళు గడిపితే చాలావరకు ఇదే గతి. సీటు కవర్లు కుట్టే దుకాణంలో దొరికే దట్టమైన నల్ల స్పాంజి కోసి పెట్టారు. పాత పికప్‌తోనే ధ్వని సగం బాగుపడింది. డబ్బు పెట్టేముందు మీరూ ఇది చేయించండి. మీలో కొందరికి ఈ సమీక్ష మిగతా భాగం అవసరమే పడదు.

నాకు అవసరం పడింది. పాత పికప్ గట్టిదనం సరిపోయింది గానీ ఇ తీగలో స్పష్టత రాలేదు, డి తీగ మిగతావాటికంటే పీలగా వచ్చింది.

క్వార్టర్ పౌండ్ పేరు దాని అయస్కాంతాల నుంచి వచ్చింది. మామూలు ప్రెసిషన్ పికప్‌లో అయస్కాంత కడ్డీ మందం అయిదు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దీనిలో పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. లోహం ఆల్నికో 5. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన మిశ్రమం. కడ్డీ లావైతే క్షేత్రం వెడల్పవుతుంది, తీగలో ఎక్కువ భాగం దాని పరిధిలోకి వస్తుంది. చేతికి తగిలే తేడా ఏమిటంటే మునుపటి బలానికే గట్టిగా పలుకుతుంది. వేళ్ళతో మెల్లగా మీటినా అడుగు నిండుగా వస్తుంది. పిక్‌తో కొడితే పైభాగం చురుక్కుమంటుంది. మధ్యభాగం మాత్రం పాతకాలపు ప్రెసిషన్‌లా మెత్తగా కాకుండా కాస్త గరుకుగా ఉంటుంది. నాకు ఆ గరుకు నచ్చింది. చర్చిలో, పియానో, వయొలిన్ మాత్రమే ఉన్న కీర్తనకు అది కొంచెం ఎక్కువే. ఆ పనికి మాత్రమే కొనేవారైతే ఇదే కంపెనీవి మామూలు కడ్డీల రకం తీసుకోవడం మంచిది.

పెట్టె తెరిచినప్పుడు నిరోధం కొలిచే అలవాటున్న వారికి ఒక మాట. రాగి నిరోధం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.39 శాతం. మే నెలలో చిత్తూరులో మా ముందు గది 40 డిగ్రీలు. 25 డిగ్రీల దగ్గర కొలిచిన పికప్ అక్కడ దాదాపు ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది. పదకొండు వేల ఓములు ఉండాల్సినది పదకొండు వేల ఆరువందల పైచిలుకు కనిపిస్తే నకిలీ వస్తువని కంగారుపడి వెనక్కి పంపకండి. పైగా ఓములు ఎక్కువైతే పికప్ గట్టిదని నమ్మడం కూడా తొందరపాటే. సన్నని రాగి తీగ వాడినా ఓములు పెరుగుతాయి, చుట్లు పెరిగినా పెరుగుతాయి, అయస్కాంతం గురించి మీటరు ఏమీ చెప్పదు. అది చెప్పేది ఒక్కటే: కాయిల్ తెగిందా లేదా.

సోల్డరింగ్ ఆ మెకానిక్ గారే చేశారు. పని శుభ్రం. వాల్యూమ్ నాబ్ వెనక ఎర్త్ అతికించేటప్పుడు పాట్ (నాబ్ కింద తిరిగే నిరోధకం) కాలకుండా, అంటుకునీ అంటుకోనట్టు కాకుండా అతకడం చూస్తే తెలుస్తుంది మనిషి చెయ్యి. రెండు ముక్కలూ వరుసగా (సిరీస్‌లో) కలపాలి. ఒక ముక్క వైర్లు తిరగబడితే విచిత్రంగా తీగల నాదం మామూలుగానే వస్తుంది, రొద మాత్రం రద్దు కావాల్సింది పోయి రెట్టింపవుతుంది. కాబట్టి బిగించిన వెంటనే గిటారును ట్యూబ్‌లైట్ చోక్ దగ్గరకో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకో తీసుకువెళ్ళి వినాలి. పాత పికప్‌కంటే రొద ఎక్కువైతే ఒక ముక్క వైర్లు మార్చాలి. ఆయన షాపులో ఉన్న పెద్ద ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టి విని, తల ఊపి, గిటారు నా చేతికిచ్చారు. మాట్లాడుకున్నంతే తీసుకున్నారు. ఆయనతో ఉన్న ఒకే లోపం కాలం. రేపంటే రేపు కాదు, ముహూర్తాల నెలలో అయితే అసలు కాదు. ఊళ్ళో ఉన్న మిక్సర్లన్నీ ఆయన బల్ల మీదే ఉంటాయి. ఆషాఢంలో వెళ్ళండి.

ఇప్పుడు ఎత్తు. పికప్ మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పేవారు దాని ఎత్తు చెప్పకపోతే ఆ తీర్పు చెల్లదని నా అభిప్రాయం. కొలిచే పద్ధతి ఇది: తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోవాలి. అప్పుడు తీగ అడుగు నుంచి అయస్కాంత కడ్డీ తల వరకు ఉన్న ఖాళీ చూడాలి. తీగను వదిలేసి కొలిస్తే అర్థం లేదు, పైకి వెళ్ళి వాయించేటప్పుడు అది కిందికి వస్తుంది కదా.

కొలవడానికి ఉక్కు స్కేలు వద్దు, అయస్కాంతం లాక్కుంటుంది. రూపాయి బిళ్ళలు వద్దు, ఇప్పటి రూపాయి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, అదీ అంటుకుంటుంది. గడువు తీరిన ఏటీఎం కార్డులు తీసుకోండి. ఆ కార్డుల మందం ప్రపంచమంతటా 0.76 మిల్లీమీటర్లు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేనివి చూసుకోవాలి. నాలుగు పేర్చితే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. వాడుకలో ఉన్న కార్డు మాత్రం దగ్గరకు తేవద్దు, దాని వెనక నల్ల పట్టీకి ఆల్నికో మంచి చేయదు.

నా పాత పికప్ ఇ వైపు నాలుగు కార్డులు, జి వైపు మూడు కార్డుల దూరంలో చక్కగా పలికేది. అదే కొలత క్వార్టర్ పౌండ్‌కు పెట్టి తిరుపతి తీసుకువెళ్తే సౌండ్ అబ్బాయి మిక్సర్‌లో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మైకును నోట్లో పెట్టుకుని పాడే గాయకుడిలాగా ప్రతి స్వరమూ ముందుకు దూకింది. మెల్లగా మీటినది, గట్టిగా మీటినది ఒకటే అయింది. మరో సంగతి కూడా జరుగుతుంది. అయస్కాంతం మరీ దగ్గరగా ఉంటే తీగను కిందికి లాగుతుంది. లావు తీగ మీద పన్నెండో ఫ్రెట్ దాటి పైకి వెళ్ళి నిలబడి వినండి, స్వరం ఒకటిగా నిలవదు, ట్యూనర్ ముల్లు తేల్చుకోలేక అటూ ఇటూ ఆడుతుంది. బ్రిడ్జిని ఎంత సవరించినా ఇది పోదు, అసలు దోషం అక్కడ లేదు. కడ్డీలు లావుగా ఉన్న పికప్‌కు ఈ లాగుడు ఎక్కువ, అందుకే దూరమూ ఎక్కువ కావాలి.

మెల్లగా దించుకుంటూ వచ్చాను. దూరం పెంచినకొద్దీ ధ్వని తగ్గుతుంది, కానీ తగ్గడం ఒకే తీరున ఉండదు. తీగకు దగ్గరగా ఉన్నప్పుడు చిన్న తిప్పుడుకే పెద్ద తేడా, దూరం పోయాక పెద్ద తిప్పుడుకు కూడా చిన్న తేడా. ఆ రెంటికీ నడుమ ఒక చోట వేలి బలం మళ్ళీ వినబడటం మొదలవుతుంది. నాకు అది ఇ వైపు అయిదు కార్డులు, జి వైపు నాలుగు కార్డుల దగ్గర దొరికింది. అక్కడ గట్టిదనం పాత పికప్‌కంటే కాస్తే ఎక్కువ. మరి అంత డబ్బు దేనికి అంటే, స్పష్టతకు. అదే గట్టిదనం దగ్గర ఇ తీగ ముద్దగా కాకుండా విడిగా పలుకుతోంది, మొదటి ఫ్రెట్‌కూ రెండో ఫ్రెట్‌కూ తేడా హాలు చివర కూర్చున్న మా చెల్లెలికి కూడా తెలిసిందట.

రెండు ముక్కలకూ రెండేసి మరలు. అంటే నాలుగు తీగలనూ దాదాపు విడివిడిగా సరిచేయవచ్చు. చాలామంది ఇ, జి చివరలు సరిచేసి లేస్తారు. వినాల్సింది మధ్యలో, ఎ తీగ నుంచి డి తీగకు దాటేటప్పుడు. అక్కడ ఒక ముక్క వదిలి మరో ముక్కకు వెళ్తున్నారు. ఒకే బలంతో ఎ, డి, ఎ, డి అని మీటుతూ, పీలగా ఉన్న వైపు లోపలి మరను కాస్త వదులు చేయాలి. ఇదంతా స్టార్ స్క్రూడ్రైవర్ పని. కానీ ఆ మరలు నేరుగా కొయ్యలోకి దిగుతాయి, బలంగా తిప్పితే కొయ్యలో పట్టు పోతుంది, ఆపైన అగ్గిపుల్ల, జిగురు వైద్యం చేయించుకోవాలి.

నాబ్‌ల విషయం త్వరగా చెప్పేస్తాను. వాల్యూమ్, టోన్ రెండూ 250 కిలో ఓముల పాట్‌లు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇదే సాధారణ కొలత, మార్చవలసిన అవసరం కనబడలేదు. రిసెప్షన్‌లో టోన్ సగం పైన, చర్చిలో సగం కింద.

మండపాల్లో వాయించేవారు పికప్ కంటే ముందు ఆలోచించాల్సింది మిక్సర్‌లోకి వెళ్ళే దారి. మన గిటారు వైరును నేరుగా మిక్సర్ లైన్ రంధ్రంలో గుచ్చితే దాని ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా పది కిలో ఓముల ప్రాంతంలో ఉంటుంది. పికప్ అంత భారం మోయలేదు, పైభాగమంతా అక్కడే చచ్చిపోతుంది. ఎంత ఖరీదైన పికప్ పెట్టినా గోనె సంచి కప్పినట్టే మూగగా వస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) ఉండాలి, ఇన్‌పుట్ ఒక మెగా ఓము దాకా ఉన్న, విద్యుత్తుతో నడిచే యాక్టివ్ రకం అయితే మేలు. గిటారు నుంచి డీఐ వరకు వైరు పొట్టిదిగా ఉంచండి. వైరుకు తనదైన కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకు సుమారు వంద పికోఫారడ్‌లు, పొడవు పెరిగినకొద్దీ చురుకు తగ్గుతుంది. డీఐ తర్వాత వైరు హాలు దాటి వెళ్ళినా ఫరవాలేదు.

అంత ఇబ్బంది ఎందుకు, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్ పెట్టుకోవచ్చు కదా అని మా బావగారు అన్నారు. నిజమే, వాటికి వైరు పొడవుతో, మిక్సర్‌తో ఇంత పేచీ ఉండదు, రొద కూడా తక్కువ. కానీ వాటికి పాట్‌లు కూడా మార్చాలి, 250కి బదులు 25 కిలో ఓములవి. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి గిటారులో చోటు చూడాలి. వైరు గుచ్చి ఉంచి మరచిపోతే బ్యాటరీ ఖాళీ. రాత్రి పదకొండుకు మండపం చుట్టుపక్కల తొమ్మిది వోల్టుల బ్యాటరీ వెతకడం నాకు ఇష్టం లేదు.

క్వార్టర్ పౌండ్ అన్ని రొదలనూ పోగొడుతుందని మాత్రం అనుకోవద్దు. కాయిల్ పట్టే అయస్కాంత రొద పోతుంది. డిమ్మర్ల నుంచి వచ్చే బుర్రుమనే శబ్దంలో మరో భాగం కాయిల్‌కు కాకుండా గిటారులోని విడి వైర్లకు తగులుతుంది. తీగ మీద చేయి వేస్తే తగ్గి, తీస్తే పెరిగే శబ్దం అదే. దానికి మందు లోపలి గుంతకు రాగి రేకు అతికించి ఎర్త్‌కు కలపడం. నేను చేయించాను, తేడా బాగా ఉంది, ఖర్చు స్వల్పం.

రొద పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే సౌండ్ వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను ఆపండి, వినకపోతే వాయించకండి. గిటారు తీగలు మిక్సర్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎక్కడో పరికరంలో లీకేజీ ఉంటే, ఎర్త్ లేకపోతే, ఒక చేయి తీగల మీద, పెదవులు మైకు మీద పెట్టినప్పుడు ఆ కరెంటు మీలోంచి పోతుంది. డీఐ బాక్స్ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట సిగ్నల్ వైరు ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది. దాన్ని వాడుకోవచ్చు. నేను పాడుతూ వాయించే రోజుల్లో ముందు టెస్టర్‌తో మైకు జాలీని తాకి చూస్తాను. కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎవరు కొనవద్దు అంటే, బొటనవేలితో కొట్టి లాగి వాయించే పద్ధతి ఇష్టమైనవారు మరోసారి ఆలోచించుకోవాలి. ఈ పికప్‌లో ఆ దెబ్బ పదునుగా వస్తుంది, కొందరికి అదే కావాలి, నా చెవికి అది ఎక్కువ. మోటౌన్ అనే అమెరికా కంపెనీ పాత రికార్డులలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌తో వాయించిన ఆ గుండ్రని, మెత్తని నాదం కోరుకునేవారూ వద్దు. దానికి లావు కడ్డీలు అడ్డం, పైగా ఆయన తీగలు చుట్టు నునుపైన ఫ్లాట్ రకం. నేను వాడేవి నికెల్ పూత ఉన్న గరుకు రకం, 0.045 నుంచి 0.105 అంగుళాల మందంవి. తీగలు మార్చి ఏడాది దాటినవారు ముందు తీగలు మార్చి, స్పాంజి చూసి, ఎత్తు సరిచేసి, అప్పటికీ తృప్తి లేకపోతే పికప్ ధర అడగండి.

పాత పికప్ జత పనిచేసే స్థితిలో నా దగ్గరే ఉంది. నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా అడిగితే ఊరికే ఇస్తాను. స్పాంజి మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.